పోటు రాలేదండి

నీళ్ళు రాసింది నేనే.
నవ్వకండి, అదే నా ఉద్యోగం.
నదిని రెడీమేడ్ చొక్కాలా కొనుక్కొచ్చాం.
ఒడ్డున మంచుదేశం చెట్లుంటే పీకేసి
ఒక్క కొబ్బరిచెట్టు గీసి
నాలుగు వేల చోట్ల అతికించాను.
పైన నర్సాపురం రేవు అని పేరు పెట్టాం.
అయిపోయింది వశిష్ఠ.

పంటు నడిపే సరంగులంతా
ఈ ఏడు మా వ్యాన్లో కూర్చుని
కళ్ళకి డబ్బా కట్టుకుని
ఉత్తుత్తి గోదారి దాటితేనే లైసెన్సు.
ముందు కుర్రాళ్ళొచ్చారు.
ఫోన్లో ట్యాంకులు పేల్చి పేల్చి ఆరితేరిన వేళ్ళు,
చుక్కాని ఇట్టే తిప్పేశారు.
తొంభై రెండు, తొంభై ఆరు,
పెమ్మాడి చిట్టిబాబుకి తొంభై తొమ్మిది.
వాడింకా పంటు ఇంజిను ముట్టుకోనే లేదు.

తర్వాత కొల్లాటి భైరవస్వామి.
ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు.
చెప్పులు వ్యాను మెట్టు కింద విడిచాడు.
గుడి కాదండీ, అన్నాను.
"ఇంజిను అరికాలితో వినాలండి."

డబ్బా పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పాడు.
"ఒకే కాకి మూడుసార్లెళ్ళిందండి."
నేను మాట్లాడలేదు.
"ఈ తోట ఎవరిదో గానీ
అన్ని చెట్లకీ గెల ఒకేవైపు.
దింపు తీసేవాడికి సుఖం."
ఆ తర్వాత చుక్కాని మీద చేతులేసి
ఊరుకున్నాడు.

ఐదు నిమిషాలు. పది.
ఎండకి వ్యాను రేకు టిక్కుటిక్కుమంటోంది.
లాప్‌టాప్ ఆగిపోయిందేమోనని చూశాను, లేదు,
నీళ్ళు మెరుస్తున్నాయి, నేను రాసినట్టే.
ఇరవయ్యో నిమిషాన ఇన్‌స్పెక్టరు గారు
నిద్రపోయాడేంటయ్యా, అన్నారు.
"మెలకువగానే ఉన్నానండి, ఆయ్.
నీరు పాటు మీదుంది. రేవు ముందర మేట తేలుతుంది.
పోటు రానివ్వండి."

పోటు రాదు.
పోటు నేను రాయలేదు.

తెర మీద ఎర్రగా సున్నా వెలిగింది.
మర్నాడు జిల్లా పేజీలో ఓ మూల
రెండు తలల దూడ పక్కన వార్త:
గేములో పంటెక్కి కునుకేసిన సరంగు.
దాన్ని లామినేషన్ చేయించి
ఇంజిను గదిలో తగిలించాడాయన.
"కునుకు అబద్ధం. ఫొటో బాగుంది."

నిద్ర పట్టనిది నాకు.
ఆదివారం పాలకొల్లులో బస్సెక్కి వెళ్ళాను.
బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి
మేట ఎక్కడ పడుతుందో గీశాడు,
అమావాస్యకి నీరెంత, అష్టమికెంత,
ఎర్రనీరు దిగే రోజుల్లో
సుడి ఏ పక్క ఆవులిస్తుందో.
ఆరిపోయేలోగా ఫొటో తీసుకున్నాను.
కొట్టతను వచ్చి తడిగుడ్డతో
మొత్తం గోదారిని తుడుచుకుపోయాడు.

మూడు వారాలు రాశాను.
మళ్ళీ పరీక్ష. తొంభై తొమ్మిది చిట్టిబాబు
నిమిషమున్నరలో మేటెక్కాడు.
వాడి వెనకాలే పదకొండు మంది.
ఉత్తుత్తి పంట్లన్నీ ఉత్తుత్తి బురదలో
గేదెల్లా కూర్చున్నాయి.
భైరవస్వామి యాభై నిమిషాలు ఆగి,
ఏదో విన్నట్టు తలొంచి,
సఖినేటిపల్లి ఒడ్డుకి
పసిపిల్లని పడుకోబెట్టినట్టు పంటుని ఆనించాడు.

పై ఆఫీసు కబురు: పాసయ్యేవాళ్ళు తగ్గారు,
ఆ మార్కులు చెల్లవు, పాత నీళ్ళే పెట్టు.
పెట్టాను. జీతం తీసుకునేది నేనే కదా.
సంగతి చెబుదామని రేవుకెళ్తే
ఆయన నన్నే ఓదార్చాడు:
"పాత నీళ్ళేనా? దాందేముందండి,
చిట్టిబాబునడిగి నేర్చుకుంటాను."
నేర్చుకున్నాడు. అరవై ఒకటి.
చిట్టిబాబు ఇప్పుడు ఇంజిను గదిలో
చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడట.

పోటున్న నది నా దగ్గరే ఉండిపోయింది.
రాత్రుళ్ళు గదిలో దీపమార్పి
డబ్బా కట్టుకుని, గచ్చు మీద కాళ్ళానించి
కూర్చుంటాను. బురద వాసన రాదు,
అది ఎలా రాయాలో నాకు తెలీదు.
నీరు వేలెడు పెరిగినట్టుంటుంది.
కాకి మాత్రం ఇంకా ఒకటే.